మల్లేశ్ గైర్హాజరు

2011లో తెలంగాణ కోసం మేం లాయర్లం కోర్టులు బహిష్కరించాం. ఎల్బీనగర్‌లో కోర్టు గేటు ముందే టెంటు వేసుకుని, నల్లకోట్లతో నినాదాలు చేసేవాళ్లం. లోపల మాత్రం కేసులు పిలుస్తూనే ఉండేవారు. పార్టీ, అంటే కేసు వేసిన మనిషి, స్వయంగా వెళ్లి పలికితే వాయిదా పడేది. పలకకపోతే కేసు కొట్టేసే ప్రమాదం ఉండేది.

అంతకు కొన్ని నెలల ముందు మంజుల నా ఆఫీసుకు వచ్చింది. నల్లగొండ వైపు పల్లె మనిషి. దిల్‌సుఖ్‌నగర్ చీరల దుకాణాలకు ఫాల్స్ కుట్టి బతికేది. సరూర్‌నగర్‌లో గది కిరాయికి తీసుకున్నప్పుడు ఆమె ప్యాంటూ చొక్కా వేసుకునే మల్లేశ్. తర్వాత మంజులగా చీర కట్టడం మొదలుపెట్టింది. అంతే, ఇంటి ఓనరు ఖాళీ చేయమన్నాడు.

ఓనరు సుబ్బారావు గారు గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడినాయన. "నాకేం ద్వేషం లేదండీ. పైన కోచింగ్ అమ్మాయిలుంటున్నారు. చీర కట్టినంత మాత్రాన మగాడు ఆడదైపోతాడా?" అని నాతోనే అన్నారు. ఇదే మాట కాలనీలో ఇల్లిల్లూ తిరిగి చెప్పారు. తెలంగాణ మాటెత్తితే ఒకరి మొహం ఒకరు చూసుకోని జనం ఈ ఒక్క విషయంలో మాత్రం ఏకమయ్యారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"గిట్ల వెళ్లగొట్టొద్దని చట్టంల ఏం లేదా సార్?" అని అడిగింది మంజుల.

ట్రాన్స్‌జెండర్ అని ఇంట్లోంచి పంపడం తప్పని చెప్పే సెక్షన్ ఒక్కటీ అప్పుడు లేదు. నిజాం కాలం నాటి చట్టం ఒకటి ఉండేది గానీ, ఇలాంటివాళ్లు ఆడబట్టల్లో వీధిలో కనిపిస్తే అరెస్టు చేయొచ్చని చెప్పేది అది. అందుకే దొడ్డిదారి పట్టాం. మామూలు కిరాయిదారుగా మల్లేశ్ పేరు మీద కేసు వేసి ఇంజంక్షన్ తెచ్చాను. అంటే, బలవంతంగా ఖాళీ చేయించొద్దనే ఆదేశం. కేసు ఉన్నంతవరకే అది ఉంటుంది.

వాయిదా రోజు గేటు దగ్గర ఆమెకు మళ్లీ చెప్పాను. "మల్లేశ్ అని మూడుసార్లు పిలుస్తరు. చెయ్యెత్తి, ఉన్న సార్ అను. ఇంకేం మాట్లాడకు."

తలూపి లోపలికి వెళ్లింది. ఉన్నవాటిలో మంచి చీర కట్టుకొచ్చింది.

లోపల జరిగింది ఆమె చెబితేనే తెలిసింది. అటెండర్ గుమ్మంలో నిలబడి పిలిచాడు. ఆమె ముందుకెళ్లింది. అతను చూసి, "నువ్వు గాదమ్మా, మల్లేశ్ రావాలె. నీ పెనిమిటా? ఏడి?" అన్నాడు. కాలనీ అంతా చాటింపు వేసిన సుబ్బారావు గారు పక్కనే ఉండి నోరు మెదపలేదు.

"రాలే" అంది మంజుల.

కేసు కొట్టేశారు.

"ఎంత పని చేసినవమ్మా! నేనే మల్లేశ్ అంటే అయిపోతుండె గదా!" అని అరిచాను. టెంటులో వాళ్లంతా మావైపు తిరిగారు.

"ఆయన నన్ను అమ్మా అన్నడు సార్. అంతమందిల, నవ్వకుండ అన్నడు. కాదు, నేను మొగోన్ని అని నా నోటితోని నేనెట్ల చెప్త?"

కేసు తిరిగి తెరిపించే పిటిషన్ వేద్దామన్నాను. దానికీ మల్లేశ్‌గానే ప్రమాణం చేయాలి. వద్దంది. సాయంత్రానికి ఆమె కుట్టుమిషన్ రోడ్డు మీద ఉంది. తెలిసిన ఇళ్లవాళ్లందరినీ అడిగాను, ఒక్కరూ ఒప్పుకోలేదు. హయత్‌నగర్ అవతల ఉంటోందని విని కొన్నాళ్లకు వెళ్లాను. అక్కడా ఖాళీ చేయించారట.

రాష్ట్రం వచ్చిన ఏడాదే, ఎవరి లింగమేదో వాళ్లే చెప్పుకోవచ్చని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. చదివి ఏడ్చాను. చెబుదామంటే మంజుల జాడ లేదు. ఆ రోజుల్లో నాకు తెలిసిన చట్టమంతా కలిపినా మల్లేశ్‌కు ఒక గది నిలబెట్టగలిగేది, అంతే. ఈ కేసు నాకు నేర్పింది అదే. మంజులకు కోర్టులో దక్కింది, అటెండర్ పొరపాటున అన్న ఆ ‘అమ్మా’ ఒక్కటే.