ఇరవై తొమ్మిదో పిల్ల

ఈత మాస్టారు చదివింది ఊరి బడిలో ఐదో తరగతి. ఈత నేర్పింది మాత్రం ముప్పై ఎనిమిది వేసవుల్లో రెండువేల పైచిలుకు పిల్లలకి. వరదలో ఏడుగురిని ఒడ్డుకు చేర్చిన మనిషి. ఆయన శిబిరంలో నీళ్లు ఒక్క ప్రాణాన్నీ తీయలేదు. ఈ మాట ఏటా మొదటి రోజున ఛాతీ విరుచుకుని చెప్పేవారు.

అందుకు ఆయన పెట్టిన కట్టుబాటు ఒకటే. సరస్సులో దిగే ప్రతి పిల్లకీ ఒక జత ఉండాలి. ఈల వినబడగానే జతలు చేతులు పట్టుకుని పైకెత్తాలి. ఆయన లెక్కపెట్టుకుంటారు.

ఆ ఏడు ఇరవై తొమ్మిది మంది వచ్చారు. జత లేక మిగిలింది ఆయన మనవరాలే. తొమ్మిదేళ్లది, అందరూ పిచ్చుక అనేవారు.

"తాతయ్యా, మరి నాకెవరు?"

"నేనున్నాగా! మాస్టారే జతంటే మాటలా?"

"నువ్వు నీళ్లలోకి రావుగా. గట్టు మీద పెత్తనం చేస్తావు."

"నా కళ్లు నీ మీదే ఉంటాయిలే, దిగవే వాగుడుకాయా!"

మూడో ఈలకి పద్నాలుగు జతల చేతులు లేచాయి. "భేష్! లెక్క సరి!" అనేసి, పక్కనున్న శిబిరం నర్సుకి వరద కథ అందుకున్నారు. నాలుగో మనిషిని ఎలా లాగారో చూపించబోతూ చెయ్యెత్తారు. ఖాళీ చెయ్యి. దాన్ని చూసి కొయ్యబారిపోయారు.

"పిచ్చుకేదీ?"

పిల్లలందరినీ బయటికి తరిమారు. నర్సు, వంటమనిషి, వాచ్‌మన్ చేతులు గొలుసుగా పట్టుకుని, లోతు తక్కువున్న చోట కాళ్లతో అడుగంతా తడుముతూ నడిచారు. మాస్టారు హద్దుగా కట్టిన తాడు అవతల లోతులో మునిగారు. బురద, నాచు, చీకటి. తేలారు, మళ్లీ మునిగారు. డెబ్బై ఏళ్ల ఒంటితో ఇంకోసారి మునిగారు.

"ఇంక చాలు సార్, మీరూ పోతారు!" నర్సు అరిచింది.

"పోతే పోనీ!"

ఐదో మునకలో, పిల్లలు ఎక్కి దూకే తేలే చెక్కబల్ల కింద, చేతికి జుట్టు తగిలింది.

ఒడ్డున పడుకోబెడితే పెదాలు నీలంగా ఉన్నాయి. ఊపిరి లేదు. నర్సు పిల్ల నోట్లోకి ఊపిరి ఊదింది, ఛాతీ నొక్కింది, మళ్లీ ఊదింది. మాస్టారు ఆ చల్లటి పాదాలు పట్టుకున్నారు.

"లేవే తల్లీ. లేచి తాతని నాలుగు తిట్టవే."

ఎంతసేపటికో ఒక దగ్గు. నీళ్లు కక్కింది. కళ్లు మాత్రం తెరవలేదు.

అంబులెన్స్ వెనకే కూతురు పరుగెత్తుకొచ్చింది. "దీని జతెవరు నాన్నా? ఏ పిల్ల వదిలేసింది నా బిడ్డని?"

తువ్వాళ్లు కప్పుకున్న పిల్లలు బిక్కచచ్చిపోయారు. నర్సు ఏదో సర్దిచెప్పబోయింది. మాస్టారు ఆపారు.

"పిల్లల్ని అనకమ్మా. దాని జత నేనే. నన్ను నేను లెక్కపెట్టుకోలేదు."

కూతురు ఆయన మొహం చూడలేదు. పిల్లతో పాటు బండెక్కి తలుపు వేసేసుకుంది.

ఆసుపత్రి నాలుగు మైళ్లు. ఆయన తడిబట్టలతోనే, చెప్పుల్లేకుండా, బండి పోయిన దారిన నడక సాగించారు. వెనకనుంచి ఎవరెన్నిసార్లు పిలిచినా ఆగలేదు.