వేలూరు బస్సులో భారతమ్మ

గుడియాత్తం అగ్గిపెట్టెల కంపెనీలో పనిచేసే భారతమ్మకు మొగుడి మీద అనుమానం మొదలైంది ఎనభై రెండో సంవత్సరం ఎండాకాలంలో. మొగుడు దొరైస్వామి లుంగీలు నేసేవాడు. పెళ్లయినప్పటినుంచీ ఆమె పక్కన కూర్చోందే అన్నం ముట్టని మనిషి, ఉన్నట్టుండి చాప తీసుకెళ్లి వసారాలో పరుచుకున్నాడు. కంచం, చెంబు వేరు పెట్టుకున్నాడు. నెలకోసారి నూలు తెస్తానని వేలూరు పోయి, ఒట్టి చేతులతో తిరిగొచ్చేవాడు.

పైగా ఒళ్లు నల్లబడుతోంది. ఎండకు కమిలిన నలుపు కాదది.

"నీ మొగునికి ఎవతో మందు పెట్టుండాది," అంది పక్కింటి కాంతమ్మ. "వేలూర్లోనే యాడో ఉంటాది."

ఆ మాటతో భారతమ్మకు కంటిమీద కునుకు లేదు. మరుసటి నెల అతనికి తెలియకుండా ముసుగేసుకుని అదే బస్సు ఎక్కింది.

దొరైస్వామి దిగి తిన్నగా ఒక ఆస్పత్రిలోకి పోయాడు. లోపల ఒక నర్సు అతని చేతిలో మాత్రలు పోసి, మింగేదాకా నోటివైపే చూస్తూ నిలబడింది.

భారతమ్మ ముసుగు తీసేసింది. "ఎవరమ్మా నువ్వు? ఈయనకేం పెడతా ఉండావు?"

"కుష్ఠుకు మందులమ్మా," అంది నర్సు నిదానంగా. "మూడు రకాలు కలిపిస్తే పూర్తిగా నయమవుతాదేమో అని చూస్తా ఉండాం. ఈ నలుపు మందు వల్లే. ఆపినాక పోతాది."

"అంటే మా ఆయన ఒంటి మీద పరీక్షలా?"

"నేనే ఒప్పుకున్నా," అన్నాడు దొరైస్వామి, తలెత్తకుండా. "వీపున మచ్చ ఉండాది. నీకు అంటుకుంటాదని వసారాలో పండుకుంటి. చెప్తే పుట్టింటికి పోతావని చెప్పలే."

"ఇంకో ఆడదుంటే పోయుందును."

అప్పటికీ ఆ మందుల మీద ఆమెకు నమ్మకం కుదరలేదు. తన ఒళ్లూ చూపించుకుంది, మచ్చ లేదన్నారు. ఇంటికి రాగానే చాప లోపలికి తెచ్చేసింది. ఆ తర్వాత ప్రతి నెలా అతనితో వెళ్లి, ఏ మాత్ర ఎందుకని నర్సును విసిగించింది. సంగతి తెలిసి కాంతమ్మ రావడం మానేసింది. భారతమ్మ పిలవలేదు.

రెండేళ్లకు మందులు ఆపారు. జబ్బు మళ్లీ రాలేదు. నలుపు మాత్రం మెల్లగా, మెడ నుంచి కిందికి వదులుతూ వచ్చింది. ఒకరోజు దొరైస్వామి అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"నల్లగా ఉన్నప్పుడే బాగుండావు," అంది భారతమ్మ.

అతను నమ్మలేదు. ఆమె నిజంగానే అంది.