పిడుగు కొట్టిన చిన్న దెబ్బ

మా ఊరి బడిలో ఐదో తరగతి దాకా చదివాను. ఆ చదువుతోనే బతికాను, ఆ చదువుతోనే ఇది రాస్తున్నాను. ఐసు ఫ్యాక్టరీ నీళ్లతొట్టి నేను కట్టిందే. పాలకేంద్రం క్యాన్లకు మూతలన్నీ నా చేతివే. నేను చేసిన ట్రంకుపెట్టె ఒకటి బస్సు మీదినుంచి జారి, వెనకొచ్చే లారీ చక్రం కింద పడింది. సొట్టలు పడింది గానీ తాళం ఊడలేదు. పెట్టెగలాయన దాన్ని నెత్తిన పెట్టుకుని బజారంతా తిప్పి చూపించాడు. మా బజారులో రేకుపని అంటే ముందు నేను, తరువాతే ఇంకెవరైనా.

అయితే ఇవాళ రాసేది నా గురించి కాదు, మా తమ్ముడి గురించి. వాడికి సుత్తి పట్టడం నేర్పింది నేనే కాబట్టి ఇందులో నా వాటా కొంత ఉంటుంది.

వాణ్ని బజారంతా పిడుగు అంటారు. కన్నవాళ్లు పెట్టిన పేరు వాడికే గుర్తులేదు. రేకు మీదయినా మనిషి మీదయినా దెబ్బ అలా పడేది. బకెట్టు కారుతోందని గొడవకొచ్చినవాడి నెత్తిన అదే బకెట్టు బోర్లించి, పైనుంచి సుత్తితో ఒక్కటేశాడు. ఆ మనిషి చాలా రోజులు గోడలు పట్టుకుని నడిచాడు. సొంత బావమరిదికి ముందుపళ్లు రాలగొట్టాడు. మా మరదలు, అంటే వాడి భార్య, ఆ గొడవకు పుట్టింటికి వెళ్లిపోయింది. మళ్లీ తనే తిరిగొచ్చి, గుమ్మంలో నిలబడి, కొలిమిలోంచి పట్టకారు తీసి చూపించింది. "నా మీద చెయ్యి లేచిందో, ఇది ఇంకా ఎర్రగా కాల్చి నీ వీపున పెడతా." లేవలేదు. మిగతా లోకమంతా ఉందిగా వాడికి, కొట్టుకోవడానికి.

పిల్లికి బిచ్చం పెట్టనివాడని మనలో ఒక మాట ఉంది. మావాడు మనుషులకు పెట్టలేదు గానీ పిల్లికి పెట్టాడు. ఒక వానాకాలంలో తల్లిపిల్లి ఒకటి మా కొట్టులో సగం చేసిన పెట్టెలో ఈనింది. పిల్లల్ని ఒక్కొక్కదాన్నే కుక్క ఎత్తుకుపోయింది. ఆఖరిదాన్ని నోట కరుచుకుని పోతుంటే పిడుగు సుత్తి విసిరాడు. కుక్క చచ్చింది, పిల్ల మిగిలింది. కొలిమి పక్క బూడిదలో దొర్లుతూ పెరిగింది గనక దాన్ని మసి అన్నారు. పిల్లలు లేని ఇంట్లో అది ముద్దుగా పెరిగి, వాడి భుజాల మీదే ముసలిదయింది. మా సుత్తి మోతే దానికి జోలపాట. మేం పని ఆపితే లేచి కూర్చుని, ఎందుకు ఆపారన్నట్టు చూసేది.

ఒక మధ్యాహ్నం నేనూ వాడూ డ్రమ్ము అంచు మడుస్తున్నాం. నేను పట్టుకున్నాను, వాడు కొడుతున్నాడు. బల్ల మీద పడుకున్న మసి ఉన్నట్టుండి గాల్లోకి ఎగిరి, రేకుముక్కల గుట్ట మీద పడింది. పడింది పడినట్టే కొయ్యబారింది. మెడ వెనక్కి విరుచుకుపోయింది. నాలుగు కాళ్లూ గాలిలో పరుగులు మొదలుపెట్టాయి. నోటివెంట నురుగు, నురుగులో నెత్తురు. ఎవరో తోక పట్టుకుని బాదుతున్నట్టు తలను మేం రేకు పెట్టి కొట్టే దాగలి కిందున్న మొద్దుకేసి కొట్టుకుంటోంది. కోసిన రేకు అంచులు దాని పొట్టను గీరేస్తున్నాయి.

పిడుగు దాని మీద పడ్డాడు. మా పనిలో ఎగిరే రేకును మోకాలేసి తొక్కిపెడతాం. వాడికి తెలిసిందీ అదే. రెండు చేతులా దాన్ని నేలకు అదిమాడు. అది వాడి బొటనవేలు పట్టింది. కోర ఇటు దిగి అటు తేలింది.

"వదలరా!" అని అరిచాను.

"వదిలితే చస్తుంది అన్నయ్యా!"

"పట్టుకుంటే నువ్వు చస్తావురా వెధవా!"

వదల్లేదు. దాని కాళ్లు ఆగేసరికి వాడి ముంజేతుల మీద చర్మం పేలికలైంది. కాసేపటికి మసి లేచి, గుడ్డిదానిలా వెళ్లి గోడకు గుద్దుకుని, తన ఒంటికి తనే ఉచ్చ పూసుకుని, ఆ తరువాత కరువులోంచి వచ్చినదానిలా గిన్నెడు పాలు తాగింది. ఏమీ జరగనట్టు వాడి ఒళ్లో పడుకుంది. వాడు మాత్రం చేతుల నెత్తురు తుడుచుకోకుండానే దాని ఊపిరి లెక్కపెడుతున్నాడు. నా ఎరుకలో వాడు దేన్నయినా లెక్కపెట్టడం అదే మొదలు.

ఆ కొట్టుకోవడం ఒక్కసారితో పోలేదు. మర్నాడు వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. ఒకసారి కొట్టు ముందు అరుగు మీదినుంచి దొర్లి రోడ్డు మీద పడి కొట్టుకుంటుంటే పక్క కొట్టు అద్దాలాయన చూశాడు. మా మోతకు తన అద్దాలు వణుకుతాయని అతనికి మామీద మొదట్నుంచీ కడుపుమంట.

"పిచ్చెక్కింది! పిల్లికి పిచ్చెక్కింది! నురుగు చూడండి!"

"పిచ్చి నీకు, నీ అద్దంలో చూసుకో," అన్నాడు పిడుగు.

"కరిచిందటగా నిన్ను? ఇక నువ్వూ మొరుగుతావు!"

పిల్లి కరిస్తే మొరగడమేమిటని నేను అడగబోయాను. నా ప్రశ్న పూర్తవకముందే పిడుగు అతని గొంతు పట్టుకుని కొట్టు గోడకు ఆనించేశాడు. అద్దాలాయన కళ్లు తేలేశాడు. నేనూ మరదలూ చెరో వైపు లాగితే గానీ వేళ్లు ఊడిరాలేదు. ఆ పూటే బజారువాళ్లంతా చేరి తీర్పు చెప్పారు: రేపు సాయంత్రంలోగా పిల్లి కనపడకూడదు. కనపడితే వాళ్లే కొట్టి చంపుతారు. చంపుతామన్నవాళ్లలో సగంమంది నా చేతి పెట్టెలు వాడేవాళ్లే.

మరదలు పిల్లిని ట్రంకుపెట్టెలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి నడిచింది. వెనక మేమిద్దరం. డాక్టరమ్మ చిన్నపిల్ల, మాట మాత్రం కత్తెర. ముందు పిడుగు వేలు చూసి, అవతల మనుషుల ఆసుపత్రికి పోయి సూదిమందు వేయించుకోకపోతే పిల్లిని ముట్టుకోనంది. వేయించుకొచ్చాడు. అప్పుడు పిల్లిని చూసి, ఇవి ఫిట్సు అంది.

"రావడానికి ముందు ఏం జరిగింది?"

"ఏమీ జరగలేదమ్మా," అన్నాను.

"ఏదైనా పెద్ద శబ్దం?"

"శబ్దమా? ఏ శబ్దమూ లేదు. ప్రశాంతంగా మా పని మేం చేసుకుంటున్నాం."

మాత్రలిచ్చింది. ఒకమాట గట్టిగా చెప్పింది: "ఫిట్సు వచ్చినప్పుడు దాన్ని పట్టుకోవద్దు. అదిమితే ఎముకలు విరుగుతాయి. చుట్టూ ఉన్న పదునైనవి తీసేసి, చేతులు కట్టుకుని కూర్చో."

"చేతులు కట్టుకునా?" అన్నాడు పిడుగు, కాళ్లు తీసేయమన్నట్టు.

మాత్ర వేయడం ఒక యుద్ధం. గోనెసంచిలో చుట్టి నేను పట్టుకుంటే, వాడు దవడలు విప్పి, మరదలు గొంతులోకి తోసింది. ముగ్గురికీ నెత్తురు కారింది. పిల్లి మాత్రం ఉమ్మేసింది. మళ్లీ తోశాం. మింగింది. మర్నాడు పొద్దున్నే దానికి పెట్టెలో పరుపు వేసి పడుకోబెట్టి, ఇక మందు పడింది కదా అని ధీమాగా సుత్తులు అందుకున్నాం.

మరదలు బజారు తీర్పు సంగతి చెప్పి ఉంటుంది, డాక్టరమ్మ తనే వచ్చింది. గుమ్మంలోనే రెండు చెవులూ మూసుకుని నిలబడింది. ఏదో అంటోంది, నోరు కదలడమే గానీ మాకు వినపడదు. ఇన్నేళ్ల రేకు మోతలో నా ఎడమ చెవి ఎప్పుడో పోయింది, వాడికి రెండూ సగం సగం. ఈ ఇంట్లో రహస్యం చెప్పుకోవాలంటే పొరుగూరు పోవాలని మరదలు అంటూ ఉంటుంది. పిడుగు ఎత్తిన సుత్తిని రేకు మీద వేశాడు. పెట్టెలో మసి మళ్లీ కొయ్యబారింది. డాక్టరమ్మ ఒక్క దూకు దూకి వాడి మోచెయ్యి పట్టుకుంది. వాడు పిడికిలి బిగించి గిర్రున తిరిగాడు. ఆ పిడికిలి ఆమె ముక్కు ముందు ఆగింది. అది ఆగడం మా వంశంలో ఒక అద్భుతం.

"శబ్దమే లేదన్నారు కదా!" అని అరిచింది.

"ఇది శబ్దమా?" అన్నాను నేను.

ఆమె నావైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు. తరువాత నెమ్మదిగా, వేళ్లతో చూపిస్తూ చెప్పింది. ముసలి పిల్లుల్లో కొన్నిటికి ఇలా అవుతుందట. గిన్నెకు గరిటె తగిలినా, రేకు మోగినా మెదడులో మెరుపు కొట్టినట్టై పడిపోతాయట. మాత్ర పనిచేయాలన్నా ముందు ఆ మోత ఆగాలట.

పిడుగు చేతిలో సుత్తినీ పెట్టెలో మసినీ మార్చి మార్చి చూశాడు. "అంటే, ఇన్నాళ్లూ దాన్ని కొడుతోంది నేనా?"

వాడు గొంతు చించుకునేలా ఒక కేక పెట్టి, చేతిలో సుత్తిని గుమ్మంలోంచి బయటికి విసిరికొట్టాడు. చూసి విసరలేదు. అది పోయి అద్దాలాయన కొట్టు ముందున్న నిలువుటద్దాన్ని వెయ్యి ముక్కలు చేసింది.

ఇక సాయంత్రం గడువు ఎవడికి కావాలి? అద్దాలాయన గునపం పట్టుకుని వచ్చాడు. వెనక కర్రలతో బజారు. గాజుపెంకు తగిలి ఒకడి నుదురు కారుతోంది. అది ఇంకా ఆజ్యం పోసింది. డాక్టరమ్మ అడ్డం నిలబడి, పిచ్చి కాదు, మోతకు వస్తోందని చెప్పింది.

"మీరు ఇంటికి పోతారు. ఇక్కడ ఉండేది మేం," అన్నాడు అద్దాలాయన. "మోతకే అయితే మోగించి చూపించండి. పడిందా, నమ్ముతాం. లేదా, ఈ గునపం."

"ఇప్పుడే ఒకటి వచ్చింది. వెంటనే ఇంకోటి వస్తే ప్రాణం పోవచ్చు," అంది ఆమె.

"పోతే పీడ పోయింది!" అన్నాడు వెనకనుంచి ఎవడో.

పిడుగు కత్తెర అందుకున్నాడు, రేకు కోసే పెద్దది. వాడు ఎవర్నో ఒకర్ని పొడిచేవాడే, అనుమానం లేదు. నేను మణికట్టు పట్టుకుని వాడి చెవిలో అరిచాను: "నువ్వు ఒకణ్ని చంపితే మిగతావాళ్లు దాన్ని చంపుతార్రా. జరుగు, నేను కొడతాను రేకు."

వాడు పెట్టెలోకి చూశాడు. మసి అప్పుడే కళ్లు తెరిచి, ఎటు చూడాలో తెలియక చూస్తోంది. కత్తెర కిందపడింది.

"నీ చెయ్యి వద్దు అన్నయ్యా. నీ దెబ్బ బరువు. నేనే కొడతా."

అన్నేళ్లలో నా దెబ్బ బరువని వాడు ఒప్పుకున్నది అప్పుడే. సంతోషించే వేళ కాదు.

సుత్తి తీసుకోలేదు. రేకులు కలిపి బిగించే రివెట్టు, చిటికెన గోరంతది, ఒకటి ఏరుకున్నాడు. పిల్లి పాలు తాగే రేకుగిన్నె పెట్టె పక్కన పెట్టి, దాని అంచును రివెట్టుతో ఒక్కసారి తాకించాడు. ఆ దెబ్బ నాకు వినపడలేదు. పిల్లి పడడం చూసి, కొట్టాడని తెలిసింది.

అన్నిటికన్నా పెద్దది అదే. పెట్టె అంచు దాటి బయటికి విసిరేసినట్టు వచ్చి పడింది. వెన్ను విల్లులా వంగింది. పళ్లు తమలో తాము కొరుక్కుంటున్నాయి, నాలుక మధ్యలో పడి తెగింది. పిడుగు మోకాళ్ల మీద కూలి, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద కూర్చున్నాడు. వాడి మెడ నరాలు తాళ్లలా లేచాయి. ఒళ్లంతా దానితోపాటు ఎగురుతోంది. పిల్లి కొట్టుకుంటూ కొట్టుకుంటూ రేకుముక్కల గుట్ట వైపు జరిగింది. నిలబడి ఉన్న ఒక రేకు అంచు సరిగ్గా దాని గొంతుకు ఎదురుగా ఉంది. వాడు ఎడమచెయ్యి బయటికి లాగి, పిల్లిని పట్టుకోకుండా, రేకుకూ దానికీ మధ్య పెట్టాడు. అది తన్నిన ప్రతిసారీ రేకు వాడి ముంజేతిలోకి దిగింది. తెల్లగా ఎముక కనిపించింది. వాడు కదల్లేదు, మూలగలేదు.

ఎంతసేపో తెలియదు. కాళ్లు నెమ్మదించాయి. ఆగాయి. డాక్టరమ్మ వంగి దాని పక్కటెముకల మీద వేళ్లు పెట్టింది. ఊపిరి ఉందని తల ఊపింది.

అద్దాలాయన గునపం ఇంకా పైకెత్తే ఉన్నాడు. తనకే సిగ్గేసిందో ఏమో, రెండు చేతులా దాన్ని పసిబిడ్డను పడుకోబెట్టినట్టు నేలమీద పెట్టాడు, మోగకుండా. వెనకవాళ్లు కర్రలు చంకలో పెట్టుకుని మునివేళ్ల మీద నడిచిపోయారు. మా బజారు అంత మర్యాదగా నడవడం నేను ఎరగను.

చేతికి కుట్లు పడ్డాక పిడుగు తన సుత్తి తెచ్చి నా ముందు పెట్టాడు. ఇక కొట్టనన్నాడు. నాకు ఒళ్లు మండింది. నేను నేర్పిన చెయ్యి అది! "సుత్తి వదిలితే నువ్వు పిడుగేంట్రా, తడిసిన టపాకాయవి!" అని చెంప పగలగొట్టాను. వాడు బాగున్న చేత్తో నా కడుపులో గుద్దాడు. పెరట్లో పడి దొర్లాం. వాడి పెదవి చిట్లింది, నా పన్ను కదిలింది. గుమ్మంలో మరదలు ఒక చేత పట్టకారు పట్టుకుని, రెండో చేతి వేలు పెదవుల మీద పెట్టి నిలబడింది. లోపల మసి నిద్రపోతోంది. దాంతో ఇద్దరమూ నోళ్లు మూసుకునే కొట్టుకున్నాం. తిట్టు కూడా కళ్లతోనే. మా జన్మలో చప్పుడు లేకుండా కొట్టుకున్నది ఆ ఒక్కసారే. చప్పుడు లేకపోతే కోపం ఎక్కువసేపు నిలవదని కూడా అప్పుడే తెలిసింది.

చివరికి బజారు అవతల ఖాళీ జాగాలో షెడ్డు వేశాను. దూలం, రేకు, గుమ్మం అన్నీ నా చేతివే, గాలివానకు కూడా చెక్కుచెదరలేదు. సుత్తిపని అక్కడ నేను చేస్తాను. కొట్టులో పిడుగు టంకం వేస్తాడు, అంచులు గుడ్డ కప్పి పట్టకారుతో మడుస్తాడు. గిన్నెల కింద గోనెపట్టాలు, తలుపు గొళ్లేనికి గుడ్డ. అద్దాలాయన కూడా తన కొట్టు షట్టరుకు నూనె పెట్టించాడు, తన అద్దాల కోసమేనంటాడు. మసి మాత్రలు మింగుతోంది, ఉమ్ముతోంది, వాణ్ని గీరుతోంది. ఎప్పుడో ఒకసారి పడుతుంది. వాడు చేతుల మీద కూర్చుంటాడు.

ఒక్కటే చిక్కు. మనిషి గొంతు తగ్గించాడు. నిన్న ఏదో చెప్పాడు.

"ఏంటీ?" అన్నాను.

మళ్లీ అన్నాడు, అంతే మెల్లగా.

"గట్టిగా ఏడువు!"

వాడు లేచి వచ్చి, మచ్చలు పడిన ఆ చేతిని నా నోటికి అడ్డం పెట్టి, పెట్టెవైపు చూపించాడు.