చెల్లెలి ఎడమచెవి

మొన్నామధ్య వనపర్తి నుంచి మా చెల్లెలి కూతురు ఫోన్ చేసి, పాపకు చెవులు కుట్టించాలనుకుంటున్నాం పెద్దమ్మా, ఎవరి దగ్గర కుట్టించాలో నువ్వే చూసి చెప్పు, నువ్వు సరే అంటేనే పాపను తీసుకొస్తా అన్నది. అలాగేనమ్మా అని ఫోన్ పెట్టేశాను గాని, ఈ మాట అడగవలసింది నన్ను కాదు, దాని తల్లిని. ఆ తల్లి, నా ఒక్కగానొక్క చెల్లెలు, పోయిన ఏడాదే మమ్మల్ని వదిలి వెళ్లిపోయింది. అయినా చెవుల విషయంలో ఆ పిల్ల అంత జాగ్రత్తపడటానికి కారణం నాకు తెలుసు. తల్లి ఎడమచెవిని చూస్తూ పెరిగిన పిల్ల అది.

మాది గద్వాలలో నేతపని చేసుకునే ఇల్లు. ముందు గదిలో నాన్న మగ్గం, ఆ పక్కనే అమ్మ కండెలు చుట్టే చోటు, మిగిలిన జాగాలో మేం. అన్నం తింటున్నా, చదువుకుంటున్నా, కొట్టుకుంటున్నా మగ్గం చప్పుడు చెవిలో పడుతూనే ఉండాలి. పట్టు అంచులకు వాడే జరీ అంటే మా ఇంట్లో దేవుడి పటం ముందు పెట్టిన పసుపు కుంకుమలంత భక్తి. రీలుకు పొరపాటున కాలు తగిలితే వంగి కళ్లకు అద్దుకోవాలి, మైల చేత్తో ముట్టుకోకూడదు. తెగిపడిన ముక్కలను కూడా అమ్మ ఊడ్చి పారేసేది కాదు, ఏరి డబ్బీలో దాచేది. అది బంగారమేనని ఆమె నమ్మకం. ఆ మెరుపు చూస్తే మీరైనా నమ్మేవారు లెండి.

నా చెవులు మా వీధి చివరి అవుసులాయన కుట్టాడు. కంసాలిని మా వైపు అవుసులాయన అనే అంటారు. చాదస్తపు మనిషి. మేనమామ ఒడిలో కూర్చోబెట్టాక ముందు నుంచి ఒకసారి, దూరం జరిగి ఒకసారి చూసి, చెవి తమ్మె మీద కుంకుమ చుక్క పెట్టి, అమ్మను కూడా చూడమని, ఆమె తలూపితే గాని సూది ఎత్తేవాడు కాదు. నోట్లో బెల్లం ముక్క కరిగేలోపు సన్నటి బంగారు తీగ చెవిలో ఉండేది. నా వయసు వాళ్లలో చాలామంది చెవులు ఇలాగే కుట్టి ఉంటారు.

చెల్లెలికి కుట్టించే వేళకు ఆ అవుసులాయన ఊళ్లో లేడు. లింగాలలో ఉన్న కూతురి ఇంటికి వెళ్లాడట, ఎప్పుడొస్తాడో ఇంట్లో వాళ్లకే తెలియదట. రాజోలి నుంచి మామ మాత్రం వచ్చి కూర్చున్నాడు. ఆయనకు పొలానికి నీళ్లు కట్టే వంతు, సాయంత్రం బస్సుకు పోయి తీరాలి. మేనమామ ఒడి లేనిదే చెవులు కుట్టకూడదాయె. అమ్మ ఆగుదామనే అన్నది, నాకు బాగా గుర్తు. రెండుసార్లు గుమ్మం దాకా పోయి వీధి చివరికి చూసి వచ్చింది కూడా. అప్పుడు మామ విసుక్కుంటూ అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

"సూదే గదక్కా, ఎవరు కుడితే ఏంది?"

సంతలో పూసలూ గాజులూ అమ్ముకుంటూ చెవులు కూడా కుట్టేవాడిని పిలుచుకొచ్చారు. వాడు చుక్క పెట్టలేదు, దూరం నుంచి చూడలేదు, పిల్ల గింజుకుంటుంటే గబగబా కుట్టేశాడు. కుడిచెవి ఎలాగో కుదిరింది. ఎడమది మాత్రం బాగా కిందికి, తమ్మె అంచుకు పడింది. తీగ మెలి కూడా సరిగ్గా వేయలేదేమో, గౌను విప్పుతుంటే ఊడి ఎక్కడో పడిపోయింది. ఇల్లంతా వెతికినా దొరకలేదు. రంధ్రం పూడిపోతే పిల్లకు మళ్లీ సూదిపోటు తప్పదు. అది తలుచుకునేసరికి అమ్మ ప్రాణం ఊరుకోలేదు. మగ్గం దగ్గరికి పోయి, జరీ పోగు కొంచెం తెంపి, రెండు పేటలు మెలిపెట్టి, కళ్లకు అద్దుకుని, తన చేత్తోనే ఆ చెవిలోకి ఎక్కించి ముడి వేసింది. బంగారమే కదా, బిడ్డ ఒంటికి మంచిదే అనుకుంది.

అది బంగారం కాదు. లోపల దారం, దాని మీద చుట్టిన రాగి, పైన మెరుగు, అంతే. చెవి వాచింది, చీము పట్టింది. కుట్టిన చెవి నొప్పి పెట్టదా అని ఇరుగుపొరుగు అంటే అమ్మ పసుపూ కొబ్బరినూనే రాస్తూ వచ్చింది. పిల్ల అటు పక్కకే తిరిగి పడుకునేది, పోగు రోజురోజుకూ కిందికి కోసుకుంటూ పోయింది. జ్వరం కాసి ఒళ్లు కాలిపోతుంటే అప్పుడు దవాఖానకు ఎత్తుకుని పరుగెత్తారు. డాక్టరమ్మ బయటికి లాగిన పోగు చిలుము పట్టి ఆకుపచ్చగా ఉంది. దాన్ని పైకెత్తి పట్టుకుని, కోపంగా కూడా కాదు, మామూలుగానే అడిగింది.

"ఎవరు పెట్టిండ్రమ్మా గిది?"

ఆ ప్రశ్నకు అమ్మ బతికినన్నాళ్లూ జవాబు చెప్పుకుంటూనే ఉంది.

జ్వరం తగ్గింది, పిల్ల దక్కింది, తమ్మె మాత్రం రెండుగా చీలిపోయింది. దవాఖాన నుంచి ఇంటికి వచ్చిన రోజే అమ్మ తన ఏడురాళ్ల కమ్మలు తీసి పెట్టెలో పెట్టేసింది. చెవుల్లో చీపురుపుల్ల ముక్కలు దోపుకుంది. ముత్తయిదువ చెవులు బోసిగా ఉండొచ్చునా అని అందరూ తిట్టారు, నాన్న బతిమాలాడు. నా బిడ్డ పెట్టుకోనివి నాకెందుకని ఒకే మాట. చెల్లెలు పెద్దదవుతున్నకొద్దీ జుట్టు ఎడమ వైపుకు దించి దువ్వుకోవడం నేర్చుకుంది. ఫోటో దిగితే ఎప్పుడూ నాకు కుడిపక్కనే నిలబడి, ఆ చెవిని నా భుజానికి ఆనించుకునేది. ఒక్కనాడు అమ్మను పల్లెత్తు మాట అనలేదు. అని ఉంటే ఆమెకు కాస్త తేలికయ్యేదేమో.

చీలిన తమ్మెను కలిపి కుట్టు వేస్తారట అని తెలిశాక చెల్లెలు ఎంతో ఆశపడింది. ఆ కమ్మలు పెట్టుకుని అమ్మ ముందు నిలబడాలని దాని కోరిక. అమ్మ ఒప్పుకుంటేనా! ఆ చెవికి మళ్లీ సూది తగలనియ్యను, నేను పోయినంక మీ ఇష్టం అని ఏడ్చేది. ఆ ఏడుపు చూడలేక చెల్లెలు ఆగింది. ఏళ్లు గడిచి అమ్మ నిజంగానే పోయాక, దినకర్మలు అయిన తరువాత నేనే కమ్మలు తీసి దాని చేతిలో పెట్టి, ఇప్పుడైనా పోదాం పదవే అన్నాను. అది కమ్మలను కొంగుతో తుడిచి తిరిగి నా చేతిలోనే పెట్టింది.

"అమ్మ చూడాలనుకున్ననక్కా. ఇప్పుడు కుట్టిచ్చుకోని ఎవరికి చూపియ్యాల?"

ఆ కమ్మలు తిరిగి పెట్టెలోకే పోయాయి. ఇప్పుడు అదీ పోయింది.

అందుకే ఫోన్ వచ్చిన మర్నాటి నుంచి నాకు అదే పని. ఒక దుకాణంలో మిషన్‌తో టక్కున కొట్టేస్తాం అమ్మమ్మా అన్నారు, ఆ తొందర మాట విని లేచి వచ్చేశాను. ఇంకొకచోట చేతులు కడుక్కోకుండానే సూది తీశాడు, వాడికి నాలుగు చీవాట్లు పెట్టాను. చివరికి వాళ్లుండే వనపర్తిలోనే ఒక డాక్టరమ్మ నచ్చింది. అడిగినదానికల్లా ఓపికగా జవాబు చెప్పింది. పాప మేనమామకు, అంటే చెల్లెలి కొడుక్కు, ఆ రోజు వేరే పని ఏదీ పెట్టుకోకుండా వస్తేనే రా అని కచ్చితంగా చెప్పాను. వాడు పొద్దున్నే వచ్చి పాపను ఒళ్లో కూర్చోబెట్టుకున్నాడు. డాక్టరమ్మ పెన్నుతో చుక్క పెట్టి, దూరం జరిగి చూసి, నన్నూ చూడమన్నది. నా కళ్లముందే కాగితం చింపి కొత్త సూది తీసింది. పాప కెవ్వుమన్నది, బెల్లం ముక్కకు ఊరుకున్నది.

ఎంత మారిపోయింది కాలం! జరీ పోగులూ లేవు, చీపురుపుల్లలూ లేవు, చీలిన తమ్మెను ఒక్క పూటలో కలిపి ఇంటికి పంపిస్తున్నారు. ఇవన్నీ అందేసరికి మా ఇంట్లో అవి కావలసిన వాళ్లు లేకుండా పోయారు. పాప తల తిప్పినప్పుడు ఎదురుగా నిలబడి మళ్లీ మళ్లీ చూశాను. రెండు చెవులూ సమానంగా ఉన్నాయి. చూశావటే, ఎంత బాగా కుదిరాయో అంటూ అలవాటుగా, చెల్లెలు నిలబడే కుడిపక్కకు తిరిగాను.