ఏసుపాదం గారి శీలావతి పరీక్ష

ఏసుపాదం గారు ముళ్ళ చేప తినిపించి చూడనిదే ఎవరినీ నమ్మరు. పెళ్ళికొడుకు కావచ్చు, పాస్టరు గారు కావచ్చు, ఇళ్ళు చూపించే ఏజెంటు కావచ్చు. ఆయన ఇంటికి రావాలి, ఆయన భార్య లూసీ గారు వండిన శీలావతి చేపల పులుసుతో అన్నం తినాలి. తినేవాడికి ఎదురుగా ఆయన కూర్చుంటారు. తాను ముద్ద ముట్టరు. కళ్ళజోడు ముక్కు చివరికి దించి అలా చూస్తూ ఉంటారు. మర్నాడు తీర్పు చెబుతారు.

నరసాపురంలో ముప్పై రెండేళ్ళు డ్రిల్లు మాస్టారుగా చేసి, ఇప్పుడు టెక్సస్‌లో, కాపెల్‌లో కూతురు పర్సిస్ దగ్గర ఉంటున్నారు. ఊరు మారింది గానీ పరీక్ష మారలేదు. ఇర్వింగ్‌లో బంగ్లాదేశ్ వాళ్ళ కొట్లో శీలావతి దొరుకుతుందని తెలిసిన రోజున కొట్లోనే మోకాళ్ళూని స్తోత్రం చెప్పారట. కొట్టువాడు ఆయన కళ్ళు తిరిగి పడిపోయారనుకుని మంచినీళ్ళు పట్టుకొచ్చాడు.

ఆ తీర్పులు గురి తప్పవని అక్కడి తెలుగు క్రైస్తవ సంఘంలో అందరికీ నమ్మకం. పాస్టరు గారిని ఎంచుకునేటప్పుడు, "గొంతులో ముల్లు గుచ్చుకుంది. పక్కవాడికి తెలీకుండా ఉత్తన్నం ముద్ద మింగి, నవ్వుతూ కబురు చెప్పాడు. సంఘాన్ని మోస్తాడు" అన్నారు. ఆరేళ్ళుగా మోస్తున్నాడు. ఇళ్ళ ఏజెంటు విషయంలో మాత్రం, "తన ముళ్ళు పక్కవాడి ప్లేటు అంచున పెట్టాడు. వద్దు" అన్నారు. అప్పటినుంచి సంఘంలో ఏ కొత్త మనిషి పేరు వచ్చినా, కమిటీ ముందు అడిగే మాట ఒకటే. "మాస్టారు తినిపించారా?"

పర్సిస్‌కు ఇదంతా తలకొట్టేసినట్టుండేది. ఆమె సాఫ్ట్‌వేర్ మేనేజరు. దేనికైనా స్ప్రెడ్‌షీట్ వేస్తుంది. పైగా చర్చిల బేస్‌బాల్ లీగ్‌లో తెలుగు సంఘం జట్టుకు కూడా ఆమే మేనేజరు. కిందటేడు ఎనిమిది జట్లలో వాళ్ళది ఎనిమిదో స్థానం. జట్టంతా క్రికెట్ ఆడి పెరిగినవాళ్ళు. బంతి కొట్టగానే బ్యాటు కింద పడేసి పరుగెత్తాలని ఎన్నిసార్లు చెప్పినా, బ్యాటు చంకలో పెట్టుకునే పరుగెత్తేవాళ్ళు.

ఆ అవమానం కడుక్కోవడానికి ఈ ఏడు పర్సిస్ ఒక సాహసం చేసింది. దూరంగా గడ్డిలో నిలబడి, ఎగిరొచ్చిన బంతిని పట్టి విసిరేవాణ్ణి ఔట్‌ఫీల్డర్ అంటారు. అలాంటివాడు ఫ్రిస్కో తెలుగు సంఘంలో ఒకడున్నాడని తెలిసింది. పేరు షాలేం రాజు. బంతి విసిరితే కంచె దగ్గర్నుంచి నేరుగా చేతిలో వాలుతుందట. అతను ఈమధ్యే ఫ్రిస్కోలో ఇల్లు ఖాళీ చేసి కాపెల్‌లో స్నేహితుడి గదికి మారాడు కూడా. అయితే కాపెల్ జట్టుకు ఆడాలంటే కావలసిన సభ్యత్వం బదిలీ ఉత్తరం ఫ్రిస్కో వాళ్ళు ఊరికే ఇస్తారా? వాళ్ళ కీబోర్డు వాయించే అబ్బాయి కాలిఫోర్నియాలోని శాన్ రామన్ వెళ్ళిపోయాడు. కీబోర్డు మనిషిని ఇస్తే ఔట్‌ఫీల్డర్‌ను ఇస్తామన్నారు.

కాపెల్ సంఘంలో కీబోర్డు వాయించేది నోయెల్. నోయెల్ పర్సిస్ భర్త.

"సీజన్ అయ్యేవరకే కదా" అంది పర్సిస్.

"అంటే నన్ను ట్రేడ్ చేశావా?" అన్నాడు నోయెల్.

"లోన్ మీద ఇచ్చాను. అంతే."

అలా సొంత మొగుణ్ణి ఇచ్చి ఔట్‌ఫీల్డర్‌ను తెచ్చుకున్న మేనేజరుగా ఆ లీగ్‌లో పర్సిస్‌కు పేరొచ్చింది. ప్రతి ఆదివారం నోయెల్ పొద్దున్నే లేచి, అరగంట డ్రైవ్ చేసుకుంటూ ఫ్రిస్కో వెళ్ళి, అక్కడివాళ్ళ పాటలకు వాయించి వచ్చేవాడు.

షాలేం రాజు సన్నగా, పొడుగ్గా, అవసరానికి మించి ఒక్క మాట కూడా మాట్లాడని మనిషి. ప్రాక్టీసు మొదటి రోజునే పర్సిస్ స్ప్రెడ్‌షీట్ అయోమయంలో పడింది. విసరడంలో పదికి పది. పరుగులో తొమ్మిది. క్యాచ్‌ల దగ్గరే వచ్చింది చిక్కు. బంతి వస్తుంటే చేతికున్న గ్లవ్ విసిరేసి, రెండు చేతులూ దోసిలిపట్టి అందుకునేవాడు.

"గ్లవ్ ఎందుకు తీస్తున్నావు తమ్ముడూ?"

"అడ్డంగా ఉందక్కా."

రోజుకో తీరుగా ఉండేవాడు. ఒకరోజు ఆకాశంలో ఏ బంతీ వదలడు. ఇంకోరోజు బంతి పక్కనుంచి వెళ్ళిపోతుంటే ఎటో చూస్తూ నిలబడతాడు. ఈ సీజన్‌లో జట్టును పైకి తెస్తాడా, ముంచుతాడా అన్నది కమిటీకి అంతుపట్టలేదు. చివరికి పర్సిస్ భయపడ్డ మాట రానే వచ్చింది.

"మాస్టారు తినిపించారా?"

మొదటి శనివారం మధ్యాహ్నం షాలేం రాజు వచ్చి, వందనాలు చెప్పి, శీలావతి తిన్నాడు. ఏసుపాదం గారు కళ్ళజోడు దించి చూశారు. మర్నాడు పర్సిస్ అడిగితే, "తేలలేదమ్మా. వచ్చే శనివారం మళ్ళీ రమ్మన్నాను" అన్నారు. ఆయన తీర్పు వాయిదా వెయ్యడం అదే మొదలు.

రెండో శనివారం పరీక్షకు తోడు పరీక్షాధికారిని కూడా పిలిచారు. ఆయన పేరు విశ్వనాథం, ఒక బ్యాంకులో పెద్ద మేనేజరు. చేప వాసన వస్తేనే కిటికీ వెతుక్కునే శాకాహారి. పాపం, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, పప్పన్నం తింటూ, షాలేం రాజు ముళ్ళు తీసే పద్ధతిని గమనించాడు.

"నా ఒపీనియన్ ఎందుకండీ మాస్టారూ? నాకు చేపకు తలెటో తోకెటో కూడా తెలీదు."

"పక్షపాతం ఉండదు కదండీ" అన్నారు ఏసుపాదం గారు.

మూడో శనివారం జితేందర్ వచ్చాడు. సిద్ధిపేట వాడు, సొంతంగా చిన్న కంపెనీ నడుపుతున్నాడు. "బేస్‌బాల్ ఆడేటోడు చేప ఎట్ల తింటే ఏందన్నా? నాకేం సమజైతలేదు" అంటూనే మూడు ముక్కలు లాగించాడు. నాలుగో శనివారానికి కృష్ణకుమారి గారిని పిలిచారు. ఆవిడ ఒక ఆస్పత్రుల గ్రూపులో ఐటీ డైరెక్టరు. చేప కన్నా షాలేం రాజుతోనే ఎక్కువసేపు కబుర్లు చెప్పి, ఫోన్ నంబరు తీసుకుని వెళ్ళారు.

ఆ సాయంత్రం ఐదింటికి లీగ్‌కు ఆటగాళ్ళ పేర్లు పంపాలి. నాలుగున్నరకు పర్సిస్ ల్యాప్‌టాప్ పట్టుకుని వంటింట్లోకి వచ్చింది. ఏసుపాదం గారు మిగిలిన పులుసు డబ్బాలో సర్దుతున్నారు. షాలేం రాజు చేతికిచ్చి పంపడానికి.

"డాడీ, టైం లేదు. ఆడగలడా, లేడా? ఒక్క మాట చెప్పండి."

"తేలలేదమ్మా."

"నాలుగు వారాలు! అరకేజీ కాదు, నాలుగు చేపలు తిన్నాడు! పాస్టరు గారికి పట్టింది ఒక్క పూట. నేను నా హస్బెండ్‌ని ఇచ్చి తెచ్చుకున్నాను ఈ అబ్బాయిని. కమిటీకి ఏమని చెప్పను?"

ఏసుపాదం గారు డబ్బా మూత బిగించి, వంటింటి తలుపు దగ్గరగా వేశారు. "నెమ్మదిగా మాట్లాడు. బయట చెట్లకు నీళ్ళు పడుతున్నాడు. ఆ అబ్బాయికి ఉద్యోగం పోయింది. ఇవాళ్టికి నలభై రోజులు."

పర్సిస్ ల్యాప్‌టాప్ కింద పెట్టేసింది. ఆమె కూడా అతనిలాగే ఉద్యోగ వీసా మీద వచ్చిన మనిషి. ఉద్యోగం పోతే అరవై రోజుల్లో ఇంకో కంపెనీ ఉద్యోగమిచ్చి, కాగితాలు వెయ్యాలి. వేసినట్టు ప్రభుత్వం నుంచి రిసీట్ రావాలి. రాకపోతే పెట్టె సర్దుకోవాలి. మిగిలింది ఇరవై రోజులేనని ఎవరూ చెప్పకుండానే లెక్క వేసుకుంది.

"మీకెవరు చెప్పారు? అతనా?"

"అతను చెబుతాడా! మొదటి శనివారం మూడుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. నాలుగోసారి అడగడానికి సిగ్గుపడి, ప్లేటుకేసి చూస్తూ కూర్చున్నాడు. ఇంతలో ఊర్నుంచి వాళ్ళమ్మ ఫోన్ చేసింది. 'ఆఫీసులో ఉన్నానమ్మా, భోజనం బాగా పెట్టారు' అన్నాడు. శనివారం నాడు ఆఫీసేమిటి? కారు దాకా వెళ్ళి అడిగాను. ఏడ్చాడు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు."

"అందుకని..."

"అందుకని ఎవరికీ చెప్పలేదు. ఉద్యోగాలిచ్చే వాళ్ళను భోజనానికి పిలిచాను. ఏం పని చేస్తావు బాబూ అని వాళ్ళే అడుగుతారు కదా. పని గురించి చెప్పేటప్పుడు చూశావా ఆ అబ్బాయి మొహం? మాటలు రానివాడు అరగంట ఆపకుండా మాట్లాడాడు."

విశ్వనాథం బ్యాంకు, జితేందర్ కంపెనీ, కృష్ణకుమారి గారి ఆస్పత్రులు. పర్సిస్‌కు ఒక్కొక్కటే వరసగా గుర్తొచ్చాయి. తండ్రి మీద విసుక్కున్న నాలుగు వారాలూ గుర్తొచ్చాయి. సిగ్గేసింది. అయినా ఒక అనుమానం మిగిలిపోయింది.

"మరి డాడీ, ముళ్ళు తీయడంలో మీకు కనబడేదేమిటి?"

"ముళ్ళు ఎవడు చూశాడే? చేప తినేవాడు తల ఎత్తడు. మొహం తీరిగ్గా చూడొచ్చు. ఇంట్లో వంట ఉందా, తోడు కూర్చుని తినేవాళ్ళున్నారా, నేను చూసేది అదొక్కటే."

"మరి ఇన్నేళ్ళ తీర్పులు?"

ఏసుపాదం గారు నేల చూపులు చూశారు. సింకు దగ్గర్నుంచి లూసీ గారు అందుకున్నారు. "అవి నావే. వడ్డించేదాన్ని నేను, ఎవరెలాంటి మనిషో నాకు తెలీదా? నేను చెబుతాను, ఈయన గొంతు సవరించుకుని బయట చెబుతారు."

"అయితే మమ్మీ, ఈ అబ్బాయి సంగతి నువ్వు చెప్పు. ఆడగలడా?"

"బంతి సంగతి నాకు తెలీదు. తిన్న కంచం తనే కడిగి పెడతాడు. వద్దన్నా నా గిన్నెలు కూడా తోముతాడు. రాసెయ్ పేరు."

పర్సిస్ ఐదుకు రెండు నిమిషాలుండగా షాలేం రాజు పేరు రాసి పంపింది. కమిటీకి మాత్రం, "మాస్టారు తినిపించారు" అని ఊరుకుంది. అబద్ధం కాదు కదా.

తర్వాత రోజులు మెల్లగా నడిచాయి. విశ్వనాథం బ్యాంకులో ఖాళీ లేదన్నారు. జితేందర్ వచ్చే ఏడు చూద్దామన్నాడు. కృష్ణకుమారి గారు మూడు ఇంటర్వ్యూలు పెట్టించి, సరేనన్నారు. కాగితాలు లాయరు దగ్గరికి వెళ్ళాయి. రిసీట్ రాలేదు. షాలేం రాజు పార్కులో బంతులు వదిలేస్తూనే ఉన్నాడు. పర్సిస్ ఒక్క మాట అనలేదు.

సీజన్ మొదటి మ్యాచ్ నాటికి యాభై నాలుగో రోజు. ఆశ్చర్యం, తెలుగు జట్టు ఒక్క పరుగు ఆధిక్యంలో ఉంది. ఇంకొక్కణ్ణి అవుట్ చేస్తే గెలుపే. అవతలి వాళ్ళు ఇద్దరు, పరుగు పూర్తి చెయ్యడానికి దారిలోని బేస్‌ల మీద కాచుకుని ఉన్నారు. వాళ్ళ బ్యాటరు ఎత్తుగా కొట్టాడు. బంతి నేరుగా షాలేం రాజు మీదికే వస్తోంది. అతను గ్లవ్ తీయలేదు. కళ్ళు బంతి మీదే ఉన్నాయి. ఏడేళ్ళ పిల్లాడైనా పట్టేస్తాడనిపించే క్యాచ్.

సరిగ్గా అప్పుడే, ప్రేక్షకుల బల్లల మీద కృష్ణకుమారి గారు ఫోన్ పైకెత్తి గంతేశారు.

"షాలేం! రిసీట్ వచ్చింది! మండే జాయినింగ్!"

షాలేం రాజు గిర్రున వెనక్కి తిరిగాడు. రెండు చేతులూ ఆకాశానికి ఎత్తాడు. బంతి అతని వెనక గడ్డిలో మెత్తగా పడింది. బేస్‌ల మీదున్న ఇద్దరూ పరుగెత్తుకొచ్చి రెండు పరుగులు చేసేశారు. మ్యాచ్ పోయింది.

పోయిన మ్యాచ్‌ను ఎవరూ చూడలేదు. ఆ బల్లల మీద కూర్చున్న ప్రతి మనిషీ ఎప్పుడో ఒకప్పుడు అలాంటి రిసీట్ కోసం రాత్రీ పగలూ ఫోన్ చూసుకున్నవాళ్ళే. ఆడా మగా అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఏసుపాదం గారు డెబ్బై ఏళ్ళ మోకాళ్ళను లెక్కచెయ్యకుండా మైదానంలోకి పరుగెత్తి, గడ్డిలో కూలబడి ఏడుస్తున్న ఔట్‌ఫీల్డర్ పక్కన కూర్చుని వీపు నిమిరారు.

అవతలి జట్టు మేనేజరు అయోమయంగా పర్సిస్ దగ్గరికి వచ్చాడు. "క్యాచ్ వదిలేశాడు. మీరు ఓడిపోయారు. తెలుసు కదా?"

"తెలుసు" అంది పర్సిస్, కళ్ళు తుడుచుకుని, ఇంకా చప్పట్లు కొడుతూనే.

ఆయన కాసేపు ఆమెను, కాసేపు గడ్డిలోని ఇద్దరినీ చూశాడు. ఏమర్థమైందో ఏమో, తన వాళ్ళకేసి తిరిగి సైగ చేశాడు. గెలిచిన జట్టు కూడా వరసగా నిలబడి చప్పట్లు కొట్టింది.