వానకు చెవి పెట్టిన మనిషి

మొన్న శుక్రవారం పొద్దున మా చిన్నాయన పోయారు. ఒకప్పుడు ఫ్రెంచివాళ్లేలిన మా తమిళ ఊళ్లో, సారం అనే పేటలో లారీలకు బాడీలు కట్టే షెడ్డు ఆయనది. కబురు తెచ్చిన మేస్త్రీ, "నిన్న కూడా వచ్చి రేకులు తట్టి చూసిపోయినాడమ్మా" అన్నాడు. తట్టి చూడనిదే ఆయన దేన్నీ నమ్మేవారు కాదు, పుచ్చకాయనైనా, తలుపునైనా.

నేను కాలేజీలో ఉండగా ఒక ఫ్రెంచి జంట, కారు వెనక తగిలించుకునే చిన్న ఇంటిబండిని ఆయన దగ్గరికి తెచ్చారు. రెండు మంచాలు, ఒక స్టవ్, అంతే ఇల్లు. ఎండకు లోపల కాగిపోయేది, వానకు గోడలు చెమర్చేవి. వాళ్ల మూడు నెలల బిడ్డకు దగ్గు తగ్గడం లేదు. ఆ బండిలోనే రోడ్డు దారిన వాళ్ల దేశం చేరాలి.

చిన్నాయన గోడ తట్టారు. "డొల్లగా ఉండాది. లోపల ఏందో చూద్దాం" అని రేకు విప్పారు. బయటి రేకుకూ లోపలి చెక్క పలకకూ నడుమ ఉన్న థర్మకోల్ పొడిపొడిగా రాలింది. చట్రం కొయ్యను నొక్కితే వేలు దిగబడింది. కప్పు మీద ఒక్క స్క్రూ సందున దిగిన నీళ్లు చేసిన పని అది.

"నీళ్లకు తొందర లేదు పాపా, మనకే ఉండాది" అన్నారు.

కొత్తగా ఏం నింపాలో తేల్చడానికి రెండేసి గోడలతో నాలుగు పెట్టెలు చేశారు. సందుల్లో ఒకదానికి కొబ్బరిపీచు, ఒకదానికి బూరుగుదూది, ఇంకోదానికి థర్మకోల్ కూరి, ఒకటి ఖాళీగా వదిలారు. అన్నిటిలో ఐసుముక్కలు పెట్టి ఎండలో ఉంచి, నన్ను గడియారంతో కూర్చోబెట్టారు. పీచు, థర్మకోల్ ఇంచుమించు సమానంగా నిలిచాయి. మన ఊళ్లో దొరికేదే కదా అని పీచు నింపారు. అక్కడే పొరబడ్డారు.

మొదటి వానకే ఆ తల్లి బిడ్డనెత్తుకుని షెడ్డుకొచ్చింది. పీచు తడి పీల్చి గోడంతా ముక్కిపోయిన వాసన.

"ఎట్లాగూ ఊరు దాటిపోయే బండి, గమ్మునుండరా" అన్నారు మా నాన్న.

"ఎండలో పెట్టి చూసినా గానీ, నీళ్లలో పెట్టి చూడలేదన్నా. తప్పు నాది" అన్నారు చిన్నాయన. వచ్చీరాని ఫ్రెంచిలో ఆవిడకూ అదే చెప్పి, గోడలన్నీ మళ్లీ విప్పారు. ఈసారి థర్మకోల్ పెట్టి, ప్రతి స్క్రూ కింద రబ్బరు వేసి, అతుకుల మీద పట్టీలు బిగించి, కప్పుకు వెనక్కి వాలు ఇచ్చారు. ఆయనకు తెలుగు రాయడం రాదు. గోడ మూసేముందు పలక మీద పెన్సిలుతో, తమిళ అక్షరాల్లో తెలుగు రాశారు: "ఈడ మేకు కొట్టొద్దు."

"వాళ్ల దేశంలో ఎవరు చదవతారు చిన్నాయనా?"

"విప్పినోడు ఎవురినో ఒకర్ని అడుగుతాడులే."

అప్పగించే ముందు మూడు రోజుల జడివానలో తానే అందులో ఉన్నారు. నేను కాఫీ తీసుకుపోతే గోడకు చెవి ఆనించి కూర్చున్నారు.

"ఏంది వింటుండావు?"

"వాన బయటే ఉండాదా అని."

గోడలు పొడిగానే ఉన్నాయనీ, బిడ్డ నడుస్తున్నాడనీ ఏడాది తిరిగాక ఉత్తరం వచ్చింది. వాళ్లు బయల్దేరిన పొద్దున కూడా వానే. చిన్నాయన గొడుగు తెరవకుండానే రోడ్డు మీదికొచ్చి నిలబడ్డారు. కప్పు మీది నీళ్లన్నీ వెనక అంచు నుంచి ఒక్క ధారగా జారుతుండగా బండి మలుపు తిరిగింది.