మంచు పడే కొండకి రెండు టికెట్లు

అది 2023 ఆగస్టు. టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో ఇండియన్ కిరాణా కొట్టుకీ, బట్టలు ఆల్టరేషన్ చేసే దుకాణానికీ మధ్య ఉన్న చిన్న ట్రావెల్ ఏజెన్సీలో నేను చేరి అప్పటికి రెండేళ్లు. మాకు వచ్చే పనిలో ఎక్కువ భాగం ఇండియా టికెట్లే. అమెరికా లోపలి ప్రయాణాలకు మా దగ్గరికి ఎవరూ రారు, ఫోన్‌లో వాళ్లే బుక్ చేసుకుంటారు. అందుకని సింహాచలం గారు వచ్చి, కుర్చీలో కూర్చోకుండానే "కొండ మీదికి రెండు టికెట్లు కావాలమ్మా, చవగ్గా" అన్నప్పుడు నాకు ఏమీ అర్థం కాలేదు.

"ఏ కొండ అంకుల్?"

"ఏ కొండైనా పర్లేదు. మంచు పడాల. మా ఆవిడకి మంచులో నడవాలనుంది."

ఆయనకి అరవై దగ్గర పడుతున్నాయి. ఎయిర్‌పోర్ట్‌లో టెర్మినల్ నుంచి అద్దె కార్ల దగ్గరికి మనుషుల్ని దింపే షటిల్ బస్సు నడుపుతారు. "రోజుకి ఇరవైసార్లు ఎయిర్‌పోర్ట్‌కి పోతాను. విమానం ఎక్కి మాత్రం ఏడేళ్లయింది" అని ఆయనే నవ్వారు. ఎప్పుడు వెళ్తారని అడిగాను.

"అక్టోబర్ ఆఖర్న. దసరా దాటితే మొదలవుద్ది కదా మంచు."

"అక్టోబర్‌లో గ్యారంటీ లేదు అంకుల్. జనవరిలో అయితే బాగా ఉంటుంది."

"ఇక్కడ అంత లేటా?" అని ఆశ్చర్యపోయారు. కాసేపు ఆలోచించి "సర్లే, జనవరే చూడు. ఇంకోటమ్మా, మా ఆవిడకి ఆయాసం. పెద్ద ఎత్తులు ఎక్కలేదు" అన్నారు.

నేను తలూపి నోట్స్‌లో రాసుకున్నాను: గ్రౌండ్ ఫ్లోర్ రూమ్.

నా సంగతి కొంచెం చెప్పాలి. ఐదేళ్లప్పుడు వరంగల్ నుంచి ఈ దేశం వచ్చాను. తెలుగు చదవడం అమ్మ నేర్పింది. ఇంట్లో ఉన్న నవలలన్నీ చదివేశాను, ఆ సంగతి స్నేహితులకి కూడా చెప్పను. మాట్లాడటం నాకు కష్టం. ఎదుటి మనిషి ఒక మాట అన్నాక, దానికి అర్థమేమిటని అడగటం ఇంకా కష్టం. స్క్రీన్ చూస్తూ చేసే పని కదా అని ఈ ఉద్యోగంలో చేరాను. అడగలేకపోయిన ప్రశ్నలన్నీ ఇంటికి వెళ్లి డైరీలో రాసుకుంటాను.

మంచు, కొండ, జనవరి. ఈ మూడూ కలిపితే నాకు తోచింది కొలరాడోలోని స్కీ ఊళ్లు. సీజన్‌లో అలాంటి ఊరికి చవక టికెట్ దొరకడం తేలిక కాదు. ఊరి పక్కనే ఉండే చిన్న ఎయిర్‌పోర్ట్‌కి విమానాలు తక్కువ, ఎక్కేవాళ్లు ఎక్కువ. అందుకని మేము ఆల్టర్నేట్ ఎయిర్‌పోర్ట్ చూస్తాం. అంటే కాస్త దూరంలో ఉన్న పెద్ద ఊళ్లో దిగి, అక్కడి నుంచి రోడ్డు మీద వెళ్లడం. డెన్వర్‌లో దింపి, అక్కడి నుంచి షటిల్‌లో పంపితే సగానికి సగం తగ్గుతోంది. శుక్రవారం బదులు మంగళవారం బయల్దేరితే ఇంకా తగ్గుతోంది. రెండు వారాలు రోజూ ఫేర్ చూస్తూ కూర్చున్నాను.

ఆ రెండు వారాల్లో సింహాచలం గారు మూడుసార్లు ఫోన్ చేశారు. మొదటిసారి, "పొద్దున్న ఎన్నింటికల్లా బయటికెళ్లాలమ్మా? తొమ్మిదైతే పోద్ది కదా" అన్నారు. రెండోసారి, "స్వెట్టరూ మఫ్లరూ చాలు గదా?" అని అడిగారు. మూడోసారి షటిల్ ఎందుకని దెబ్బలాడారు. "మంచులో బండి నడపడం నాకు అలవాటేనమ్మా. లైట్లేసుకుని, హారన్ కొట్టుకుంటా, మెల్లగా పోడమే."

ప్రతిసారీ నేను "సరే అంకుల్" అన్నాను. రాత్రి డైరీలో ఇలా రాసుకున్నాను: తొమ్మిదికల్లా పోయే స్నో ఎక్కడ ఉంటుంది? హారన్ కొడితే స్నో ఏమవుతుంది? నాకు అర్థం కావట్లేదు. రేపు అడగాలి.

అడగలేదు.

ఒక మంగళవారం మధ్యాహ్నం రెండింటికి మంచి ఫేర్ దొరికింది. ఆయనకి ఫోన్ చేస్తే "కొనెయ్యమ్మా" అన్నారు. టికెట్లు ఇష్యూ చేశాను. ఊరి పేరుతో పాటు, వెంట తీసుకెళ్లాల్సిన వస్తువుల జాబితా ఈమెయిల్ చేశాను. స్నో బూట్లు, వాటర్‌ప్రూఫ్ ప్యాంట్లు, కళ్లకి గాగుల్స్. నేనే శ్రద్ధగా తెలుగులో టైప్ చేశాను.

మరునాడు పన్నెండున్నరకి ఆ జాబితా ప్రింట్ పట్టుకుని ఒకావిడ లోపలికి వచ్చింది. సన్నగా ఉంది. తలుపు నుంచి నా బల్ల దాకా వచ్చేసరికే ఆగి ఊపిరి తీసుకుంది. సింహాచలం గారి భార్య, వరలక్ష్మి ఆంటీ.

"ఏటమ్మా ఇది? బూట్లు, కళ్లద్దాలు. మేమేటి, యుద్ధానికెళ్తన్నామా?"

"స్నోలో నడవాలంటే కావాలి ఆంటీ."

"స్నో ఎందుకు?"

"అంకుల్ మంచు కావాలన్నారు కదా."

ఆవిడ నా మొహంలోకి చూసింది. "మంచు అంటే ఐసు కాదమ్మా. పొద్దున్నే కొండ మీంచి దిగొస్తాదే, తెల్లగా, పొగలాగ. మొహానికి తడి తగుల్తాది. పక్కన మనిషి మాట ఇనపడ్తాది గానీ మనిషి కనపడదు. ఎండొస్తే పోద్ది. మా అనంతగిరిలో, కాఫీ తోటల్లో, ఆ కాలమంతా అదే."

పక్క బల్ల దగ్గర మా ఓనర్ సరళ ఆంటీ చెవి ఇటే పెట్టి వింటోంది. ఆమెది జగిత్యాల. "ఓ పిల్లా, మంచంటే గా స్కీయింగ్ మంచనుకున్నవా? మా దిక్కు చలికాలం మంచు వడ్తే ఎదురుంగ బర్రె నిలవడ్డా కనవడదు!"

పొగమంచు. ఆ మాట నేను పుస్తకాల్లో కొన్ని వందలసార్లు చదివి ఉంటాను. రైలు కిటికీల్లోంచి, తెల్లవారుజాము పొలాల మీద, ఎన్ని వర్ణనలు చదివానో. కానీ మంచు పడటం అంటే ఆకాశంలోంచి తెల్లటి ముక్కలు రాలడమే అని చిన్నప్పటి నుంచీ టెక్సాస్‌లో టీవీలో చూసి అనుకున్నాను. పుస్తకంలో తెలిసిన మాట మనిషి నోటి వెంట వస్తే గుర్తుపట్టలేకపోయాను.

"పోన్లే" అంది వరలక్ష్మి ఆంటీ. "ఆయన సెలవు పెట్టేసుకున్నారు. గుళ్లో అందరికీ చెప్పుకున్నారు. ఐసైతే ఐసే, చూసొస్తాం. ఊరు ఎంత ఎత్తుంటాది?"

"తొమ్మిది వేల అడుగులు దాటి."

ఆవిడ మెల్లగా కుర్చీలో కూర్చుంది. "నిరుడు నా ఊపిరితిత్తిలో ఒక ముక్క తీసేశారు. విమానం ఎక్కొచ్చు గానీ ఐదారు వేల అడుగులు దాటి ఉండొద్దన్నాడు డాక్టరు. ఇండియా పోదామంటే అంతసేపు కూర్చోలేను." చేతిలో జాబితా మడిచి అంది: "ఆస్పత్రిలో మత్తులో, ఒక్కసారి మంచులో నడవాలనుందన్నానంట. నాకు గుర్తే లేదు. ఆయన పట్టుకున్నారు. రెండ్రోజులే కదా, ఓర్చుకుంటాను. ఎత్తు సంగతి ఆయనకి చెప్పకు."

పెద్ద ఎత్తులు ఎక్కలేదు. నేను రాసుకున్నది, గ్రౌండ్ ఫ్లోర్ రూమ్.

గోడ గడియారం చూశాను. ఒంటిగంటకి ఐదు నిమిషాలు తక్కువ. మా పనిలో వాయిడ్ అని ఒక మాట ఉంది. టికెట్ కొన్న ఇరవై నాలుగు గంటల్లోపు రద్దు చేస్తే కొననట్టే లెక్క. అది దాటితే నేను వెతికి పట్టిన ఆ చవక ఫేర్‌కి పైసా వెనక్కి రాదు. ఆ డబ్బు పోతే వాళ్లు మళ్లీ ఇంకో టికెట్ కొనరు. ఉన్న టికెట్ మీదే వెళ్తారు. ఆవిడ ఓర్చుకుంటుంది. నాకు ఇంకో గంట ఉంది.

"వద్దు ఆంటీ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "వాయిడ్ చేద్దాం. తప్పు నాది. అంకుల్‌కి నేనే చెప్తాను."

"నువ్వెవరమ్మా చెప్పడానికి? కొన్నది ఆయన, పోయేది నేను. మధ్యన నీకేటి?"

సరళ ఆంటీ వైపు చూశాను. ఆమె చేతులు కట్టుకుని, ఇది నీ కేసు అన్నట్టు కూర్చుంది. నేను ఫోన్ తీసి సింహాచలం గారికి చేశాను. బస్సు నడుపుతున్నారేమో, ఎత్తలేదు. మెసేజ్ పెట్టి, ఆవిడకి మంచినీళ్లు ఇచ్చి, ఎదురుగా కూర్చున్నాను. ఒంటిగంటా ఇరవైకి ఆయనే చేశారు.

విషయం మొత్తం చెప్పాను. అటు వైపు బస్సు ఆగిన చప్పుడు.

"నేను చెప్పాను కదమ్మా, ఎత్తులు ఎక్కలేదని."

"చెప్పారు అంకుల్. నేను మెట్లనుకున్నాను."

"మెట్లా!" అన్నారు. తిడతారనుకున్నాను. "ముందు అది రద్దు చేసెయ్. చేసి, ఫోను దానికియ్యి."

ఒకటీ ముప్పై ఐదుకి రెండు టికెట్లూ వాయిడ్ అయ్యాయి. ఆవిడ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు విన్నది. "ఎవులు సచ్చిపోతారన్నారు ఇప్పుడు... సర్లెండి... సర్లెండి, ఏడవకండి బస్సులో" అంది.

ఆ రోజు ఆవిడని నేను మొదటిసారి అడగాల్సింది అడిగాను. అక్కడికి వెళ్లాక ఏం చేస్తారు? ఆవిడ చెప్పింది. పొద్దున్నే లేచి, మఫ్లర్ కట్టుకుని, చెట్ల మధ్య మట్టి దారిలో మెల్లగా నడుస్తారట. ఆయన ముందు వెళ్తారట. ఆవిడ వెనకాల నుంచి పిలుస్తుందట. అంతే.

"పొగ కొండలకి పంపియ్యరాదు?" అంది సరళ ఆంటీ. "టెన్నెసీల ఉన్నయి గదా, స్మోకీ మౌంటెన్స్. పేరే గట్ల పెట్టుకున్నరు."

అక్కడ మనుషులు ఉండే ఊళ్లు అనంతగిరి కంటే తక్కువ ఎత్తులో ఉన్నాయి. ఈసారి ప్రతి ఊరి ఎత్తూ రెండుసార్లు చూశాను. ఆయన మొదట అడిగిన అక్టోబర్ ఆఖరుకే చూశాను, అయితే అక్కడ అదే సీజన్. ఆకులు ఎర్రబడతాయని దేశమంతా వస్తుంది. ఆల్టర్నేట్ ఎయిర్‌పోర్ట్ పెడితే ఆవిడ గంటల తరబడి కారులో కూర్చోవాలి. దగ్గర్లో ఉన్న నాక్స్‌విల్‌లోనే దింపాలి. ఇద్దరికి కలిపి వెతికితే ధర దిగట్లేదు. అప్పుడు ఒక్కొక్కరికి విడిగా వెతికాను. విమానంలో సీట్లని ఫేర్ బకెట్ల కింద విడదీస్తారు, ఒక్కో బకెట్‌లో కొన్ని సీట్లు, ఒక్కో ధర. చవక బకెట్‌లో ఒక్కటే సీటు మిగిలి ఉంటే, ఇద్దరికి అడిగినప్పుడు సిస్టమ్ ఇద్దరినీ పై ధరలోకి నెడుతుంది. విడిగా కొంటే ఒకరికైనా తక్కువకి వస్తుంది.

ఇది చెప్తే సింహాచలం గారు కంగారుపడ్డారు. "విడివిడిగానా? నలభై ఏళ్లుగా ఒకే బండి మీద తిరుగుతున్నాం. విమానం ఒకటేనా?"

"ఒకటే అంకుల్. పక్కపక్క సీట్లే. టికెట్లే వేరు."

ఇక బస. కస్టమర్లు ఎప్పుడూ ఐదు స్టార్ల రివ్యూలు చూసి చోటు వెతకమంటారు. నేను ఒక్క స్టార్ రివ్యూలు చదవడం మొదలుపెట్టాను. ఒక లోయలోని చిన్న చెక్క ఇంటి గురించి ఒకాయన కోపంగా రాశాడు: మూడు రోజులున్నాం, పొద్దుటి పూట కిటికీలోంచి ఏమీ కనిపించలేదు, అంతా పొగమంచే. వెంటనే అదే బుక్ చేశాను.

అయినా ధైర్యం లేదు. జనం ఎండ కాయాలని కోరుకుంటారు, దానికి నేను హామీ ఇవ్వలేను. పొగమంచు పడాలని కోరుకుంటే ఎవరిని అడగాలి? వాళ్లు వెళ్లిన రోజు నుంచి ఆ లోయ వాతావరణం గంటకోసారి చూశాను. మొదటి ఉదయం ఆకాశం నిర్మలంగా ఉంది.

రెండో రోజు పొద్దున నేను ఆఫీస్ తలుపు తీస్తుండగా ఫోన్ మోగింది.

"అమ్మా! ఏమీ కనపడట్లేదమ్మా!" సింహాచలం గారు అరుస్తున్నారు.

ఈ రోజు కూడా మంచు పడలేదనుకున్నాను. "సారీ అంకుల్, ఫోర్‌కాస్ట్‌లో ఇవాళ మంచు ఉంటుందనే చూపించారు, నేను ఇంకో చోటు..."

"ఏటి సారీ? చెట్టు కనపడట్లేదు, కారు కనపడట్లేదు, ఆవిడ కనపడట్లేదు! ఓయ్, ఎక్కడున్నావ్?"

దూరం నుంచి, నెమ్మదిగా, ఆయాసం లేని గొంతు. "ఇక్కడే. మీరెక్కడ?"

ఆయన నవ్వుతూనే ఉన్నారు. ఫోన్ పెట్టేయడం మర్చిపోయారు. నేను కూడా తలుపు దగ్గరే, తాళం చెవి చేతిలో పట్టుకుని వింటూ నిలబడ్డాను.

మా ఏజెన్సీ ఫారంలో పేరు, తేదీలు, పాస్‌పోర్ట్ నంబర్ ఉంటాయి. ఆ వారం దాని కింద నేను ఒక గీత గీసి, ఒక ప్రశ్న చేర్చాను: అక్కడికి వెళ్లాక ఏం చేస్తారు? ఎక్కడికి, ఎప్పుడు, ఎంతకి అన్నవి టికెట్ కొనడానికి చాలు. మనిషిని సరైన చోటికి పంపడానికి చాలవని ఆ కేసు నేర్పింది. మాటలు ఎక్కువ తెలియడం వేరు, అడగటం వేరు అని కూడా. ఇప్పటికీ సగం మాటలు నాకు తికమకే. తేడా ఏమిటంటే, ఆ తికమకని డైరీ దాకా మోసుకెళ్లను.

పోయిన వారం ఒకాయన వచ్చి, పిల్లలకి మంచు చూపించాలి, చవగ్గా చూడమన్నాడు. స్క్రీన్ వైపు తిరగకుండానే అడిగాను.

"తొమ్మిదికి పోయేదా, ఉండేదా?"